శాసనసభ్యుల గ్రేడ్లు చూసి ఓటెయ్యొచ్చా?

అమెరికాలో రాష్ట్ర శాసనసభ్యులకు పన్నులు, ఖర్చుల మీద వేసిన ఓట్లను బట్టి ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్లు ఇస్తారట, వాటిని నమ్మొచ్చా అని అడిగారు. చూడండి, కానీ అవి చూసే ఓటెయ్యకండి. నేను డాలస్ శివార్లలో ఉంటాను, సిటిజన్‌షిప్ వచ్చాక ఏ ప్రైమరీనీ (పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే తొలి ఎన్నిక) వదల్లేదు కాబట్టి ఈ గ్రేడ్ల తంతు బాగానే తెలుసు.

2024 మార్చి ప్రైమరీకి ముందు మా మెయిల్‌బాక్సు నిండా కార్డులే. ఒకదాని మీద మా రెప్రజెంటేటివ్ (రాష్ట్ర సభలో మా ఎమ్మెల్యే లాంటివాడు) ఫొటో, నలుపు తెలుపులో, పోలీస్ స్టేషన్ గోడ మీద పాత నేరస్తుడి ఫొటోలా ఉంది, పక్కన ఎర్రగా ఇంతలావు ‘ఎఫ్’. పన్ను కట్టేవాళ్ల తరఫున పనిచేస్తామని చెప్పుకునే ఒక సంస్థ ఇచ్చిన గ్రేడది. ఆ వారంలోనే బడుల తరఫున ఇంకో కార్డు వచ్చింది, అదే మనిషి, ఈసారి రంగుల్లో పిల్లల మధ్య నవ్వుతూ. మా ఆవిడ రెండూ ఫ్రిజ్‌కి పక్కపక్కనే అంటించి, “వీళ్లిద్దర్లో ఎవరికి వేద్దామండీ?” అంది.

నేను ఊరుకోలేక కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న బిల్లు నంబర్లన్నీ టెక్సాస్ లెజిస్లేచర్ వెబ్‌సైట్లో కొట్టి చూశాను. మొదటిదే రాష్ట్ర బడ్జెట్. 2023లో పాసైన రెండేళ్ల బడ్జెట్, 321 బిలియన్ డాలర్ల పైమాటే. దానికి సరే అన్నందుకు దుబారా మనిషని మార్కులు కోశారు. అయ్యా, ఆ ఏడాది మన ఇంటి పన్ను తగ్గించడానికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది మరి? టెక్సాస్‌లో రాష్ట్ర ఇన్‌కమ్ టాక్స్ లేదు, స్థానిక పన్నుల బరువు ఎక్కువగా ప్రాపర్టీ టాక్స్ (ఇంటి పన్ను) మీదే, అందులో పెద్ద వాటా ఊళ్లో బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్టుది. ఆ రేటు తగ్గాలంటే తగ్గినంత మేర రాష్ట్ర ఖజానా బడులకు కట్టాలి. మన జేబుకి అది పన్ను కోత, బడ్జెట్ పుస్తకంలో అది ఖర్చు. ఆ ఖర్చుకి ఓటేసినవాడికి ఎఫ్!

పోనీ పన్ను కోత బిల్లు మీద ఓటు చూద్దామా అంటే అక్కడా ఏమీ తేలదు. హోమ్‌స్టెడ్ మినహాయింపుని, అంటే సొంతింటి విలువలో స్కూలు పన్ను పడని భాగాన్ని, 40 వేల డాలర్ల నుంచి లక్షకి పెంచే బిల్లుకి ఆ జులైలో దాదాపు అందరూ సరే అన్నారు. అసలు తగవంతా అంతకుముందే, హౌస్ ఒక పద్ధతంటే సెనేట్ ఇంకో పద్ధతని, రెండు ప్రత్యేక సమావేశాల దాకా సాగదీశారు. రెండేళ్లకోసారి కూర్చునే 140 రోజుల సభలో కమిటీ దగ్గరే ఆగిపోయిన బిల్లులు బోలెడు. వాటిని తొక్కిపెట్టింది ఎవరో నాకు కావాలి, దానికి మాత్రం ఏ కార్డు మీదా గ్రేడు ఉండదు.

మనవాళ్ల గురించి కూడా ఒక మాట. ఏప్రిల్‌లో పన్ను కోసం ఇంటి విలువ కట్టిన అప్రైజల్ నోటీసు రాగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గగ్గోలు, ఆ విలువ మీద ప్రొటెస్ట్ ఎలా వెయ్యాలి, ఏ కన్సల్టెంట్ మంచోడు అని. నెల ముందు ప్రైమరీ అంటే ఒక్కడూ కదలడు. అమరావతి మీద అర్ధరాత్రి దాకా కొట్టుకునేవాళ్లని సొంత రెప్రజెంటేటివ్ పేరు అడగండి, గూగుల్ చేస్తారు.

మన అసెంబ్లీలకీ ఇలాంటి గ్రేడ్లుంటే బాగుండు అని మా బావమరిది ఎప్పుడూ అంటాడు. దేన్ని చూసి ఇస్తావురా? టెక్సాస్‌లో తుది ఓటు ఎవరు ఎటు వేశారో పేరుపేరునా నమోదు చెయ్యాలని 2007లో ఓటర్లే రాజ్యాంగ సవరణకి ఒప్పుకున్నారు. మన దగ్గర పద్దులైనా, ద్రవ్య వినిమయ బిల్లయినా మూజువాణి ఓటుతో అయిపోతాయి, ఎవరైనా డివిజన్ (ఓట్ల లెక్కింపు) అడిగితే తప్ప లెక్క ఉండదు. టైమ్ చాలకపోతే గిలెటిన్ పెట్టి మిగిలిన పద్దులన్నీ చర్చే లేకుండా ఒక్క ఊపులో కానిచ్చేస్తారు. పేర్లు రాసినా ఒరిగేదేముంది, 1985 నుంచి రాజ్యాంగంలో పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిరోధక చట్టం) ఉందాయె. విప్ ధిక్కరించి ఓటేస్తే, పార్టీ పదిహేను రోజుల్లో క్షమించకపోతే, సీటుకే ఎసరు. కాబట్టి బడ్జెట్ ఓట్లకి మార్కులేస్తే పార్టీ మొత్తానికీ ఒకే మార్కులొస్తాయి, మీ ఎమ్మెల్యే ఎలాంటివాడో అందులో కనపడదు.