పుట్టలో మందు పోశాక పుట్టకొక్కులు ఎలా వస్తాయి?

ప్రశ్న: మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో అడవి అంచున ఉన్న మామిడి తోట. తోటలో మూడు పుట్టలున్నాయి. తొలకరి పడ్డాక ఏటా వాటి చుట్టూ పుట్టకొక్కులు గంపకెత్తేవాళ్లం. రెండేళ్లుగా రెండు పుట్టల దగ్గర ఒక్కటీ లేదు, దూరంగా ఉన్న మూడో దాని దగ్గర మాత్రం కాసిని వచ్చాయి. నేలలో బలం తగ్గిందని యూరియా నీళ్లు పోశాను. డీలర్ ఇచ్చిన పుట్టగొడుగుల విత్తనం ప్యాకెట్లు పాతాను. ఈసారి నల్లటి పుల్లల్లాంటివి మొలిచాయి. ఇదేం తెగులు, ఏ మందు కొట్టాలి? చెట్లకు చెద పడుతోందని అంతకుముందు ఆ రెండు పుట్టల్లో క్లోరిపైరిఫాస్ పోయించాం. అంతకు మించి మందులేవీ వాడలేదు.
– ఒక రైతు

జవాబు: మీ సమస్య మీరు చివర్లో రాసిన ఆ ఒక్క మాటలోనే ఉంది. ఇది తెగులు కాదు, నేలలో బలం తగ్గడమూ కాదు. మందు పోసి పుట్టలోని చెదలను చంపేశారు. చెదలు పోతే పుట్టకొక్కులూ పోతాయి.

పుట్టకొక్కు దానంతట అది నేలలో మొలిచేది కాదు. చెదలు ఎండుటాకులు, పుల్లలు తిని, ఆ మలంతో పుట్ట లోపల స్పాంజిలాంటి గూళ్లు కడతాయి. ఆ గూళ్ల మీద టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రాన్ని పెంచుకుని తింటాయి. వానలకు నేల బాగా నానాక ఆ గూటి నుంచే కాడ లేచి, మట్టిని చీల్చుకుని పైకొస్తుంది. పీకినప్పుడు కింద పొడవాటి వేరులాంటి కాడ వచ్చేది అందుకే. గూటిని శుభ్రంగా ఉంచే చెదలు లేకపోతే అందులో అణిగి ఉన్న జైలేరియా అనే మరో శిలీంధ్రం విజృంభిస్తుంది. మీరు చూసిన నల్ల పుల్లలు అవే అయి ఉంటాయి. వాటికి ఏ మందూ కొట్టకండి.

ఒకసారి సరిచూసుకోండి. సాయంత్రం పుట్ట పైపెచ్చు అరచేయంత మేర తీసి వదిలేయండి. తెల్లారేసరికి తడిమట్టితో పూడ్చి ఉంటే లోపల చెదలు బతికే ఉన్నట్టు. రెండు మూడు రోజులైనా అలాగే తెరిచి ఉంటే ఆ పుట్ట చచ్చినట్టే.

ఇక ఆ ప్యాకెట్ల సంగతి. పుట్టకొక్కులకు విత్తనం లేదు, ఎవరూ అమ్మలేరు. మీకు అంటగట్టింది ముత్యపు చిప్ప రకమో, పాల పుట్టగొడుగో అయి ఉంటుంది. అవి శుద్ధి చేసిన గడ్డిలో పెరుగుతాయి, పుట్టమట్టిలో కాదు. చెద కనపడగానే డబ్బా చేతిలో పెట్టే డీలరే మళ్లీ విత్తనం అమ్మాడంటే, ఒకే పొరపాటుకు మీరు రెండుసార్లు డబ్బు కట్టారు. మందు కొనే ముందు కృషి విజ్ఞాన కేంద్రంలో ఒక్క మాట అడగండి.

చెద ఎక్కువగా ఎండిన బెరడును, చచ్చిన కొమ్మనే తింటుంది. మొదలు మీద మట్టి గూడు కనిపిస్తే గోనెసంచితో రుద్ది తీసేయండి. కింద బెరడు పచ్చిగా ఉంటే టెన్షన్ పడక్కర్లేదు. లేత మొక్కలకైతే నీటి ఎద్దడి రానివ్వకండి, మాగని పేడ వేయకండి, పాదుకు కిలో వేప పిండి కలపండి.

మూడో పుట్టను ప్రాణంగా కాపాడుకోండి. చుట్టూ మూడు నాలుగు మీటర్లు దున్నవద్దు, మందు చల్లవద్దు, రాలిన ఆకును తగలబెట్టవద్దు. అదే వాటి మేత. కోసేటప్పుడు గునపంతో తవ్వకుండా కాడ పట్టి మెల్లగా తిప్పి తీయండి, విచ్చుకున్నవి కొన్ని వదిలేయండి. మందు పోసిన రెండు పుట్టల మీద మళ్లీ మొలిచినా తినకండి. క్లోరిపైరిఫాస్ మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోగలదు.

ఈలోగా ఇంటికీ అమ్మకానికీ కావాలంటే పాల పుట్టగొడుగులు పెంచండి, మన ఎండలకు అవి తట్టుకుంటాయి. కొత్త వరిగడ్డిని 3–5 సెం.మీ. ముక్కలు చేసి 4–6 గంటలు నానబెట్టి, 80 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ఉంచండి. పిండితే నీటి చుక్క కారనంతగా ఆరాక, 20 కిలోల తడిగడ్డికి కిలో విత్తనం చొప్పున పొరలుగా వేసి సంచులు కట్టండి. సుమారు 20 రోజులకు గడ్డి అంతా తెల్లబడుతుంది. అప్పుడు ఆవిరిలో శుద్ధి చేసిన మట్టిని 2–3 సెం.మీ. మందాన పరచండి. గదిలో 30–35 డిగ్రీల వేడి, 80–85 శాతం తేమ, గాలి, వెలుతురు ఉండాలి. మట్టి వేసిన రెండు వారాలకు అటూ ఇటుగా మొదటి కోత వస్తుంది.

చచ్చిన పుట్టల చోట చెదలు కొత్త కుదురు కట్టాలంటే ఉసిళ్లు, అంటే రెక్కల చెదలు, దిగాలి. అవి నిలదొక్కుకోవడానికి కొన్నేళ్లు పడుతుంది. తొలకరి సాయంత్రాల్లో ఉసిళ్లు లేచినప్పుడు మోటారు షెడ్డు దగ్గర లైటు ఆపేయండి. లేకపోతే అన్నీ దీపం కిందే రాలిపోతాయి.