మూడు బై రెండు

అమ్మణ్ణీ,

ఒంగోల్లో మేడ మీద ట్యూషన్ పెడతా ఉండావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పినాడు. పదిమంది పిల్లలంట, ఘాతాంకాల, అదే పవర్ల, సమీకరణాలతో మొదలంట. మీ అవ్వ అప్పుడే వీధంతా చెప్పొచ్చింది. నాకే నిద్ర పట్టలా.

పద్ధతి నీకు తెలిసిందే: రెండు పక్కలా భూమి ఒకటి చెయ్యి, ఘాతాంకాలు సమానం చెయ్యి. పవర్ కింద ఉండే అంకెని మీరు బేస్ అంటారు గానీ మాకు అది భూమే. మన నెల్లూరులో అంకణమంటే 72 చదరపు అడుగులు, సెంటంటే 435.6. రెండింటినీ అడుగుల్లోకి దించకుండా బేరమాడినోడు మునుగుతాడు. 8నీ 32నీ 2లోకి దించేదీ అందుకే. భూమి 1 అయితే మాత్రం కుదరదని చెప్పు. 1 పవర్ 3, 1 పవర్ 5 రెండూ ఒకటే. అంతమాత్రాన 3, 5 సమానమా?

భయమల్లా బ్రాకెట్‌తోనే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో 4 పవర్ (ఎక్స్ + 1) = 32 అని బోర్డు మీద రాసినా. 32 అంటే 2 పవర్ 5. 4 అంటే 2 స్క్వేరు కదా, ఆ స్క్వేరులోని రెండుతో బ్రాకెట్ మొత్తాన్నీ గుణించాల. నేను ఎక్స్‌నే గుణించి, పక్కనున్న ఒకటిని వదిలేసినా. 2ఎక్స్ + 1 = 5. ఎక్స్ = 2. పూర్ణాంకం వచ్చింది, ముచ్చటేసింది. మూడో బెంచీ పిల్లోడు లేచి "మూడు బై రెండు వస్తా ఉంది సార్" అన్నాడు. భిన్నం ఎట్ట వస్తాది రా అని చెయ్యి చాపమన్నా. రెండు దెబ్బలు. వాడు ఏడవలా. కూర్చుని, నోటుబుక్కులో తన జవాబు కొట్టేసి నాది రాసుకున్నాడు. ఆ కొట్టివేత ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

రాత్రి అన్నం దగ్గర వెలిగింది. 2 పెడితే 4 పవర్ 3 అయ్యేది, అంటే 64. ముద్ద దిగలా. 2ఎక్స్ + 2 = 5, వాడు చెప్పిందే నిజం. మర్నాడు బోర్డు మీద దిద్దినా గానీ, "నిన్న వీడిదే కరెక్టు" అనే మాట నోటికి రాలా. "నిన్నటి లెక్కలో చిన్న సవరణ" అన్నా. చిన్నదంట! ఆ ఏడాదంతా వాడు నన్ను మళ్లీ ఒక్క డౌటు అడగలా.

ఎవరన్నా వేరే జవాబు చెప్తే తప్పనబాక, ముందు ఆ విలువని సమీకరణంలో పెట్టి చూడు. పిల్లోళ్ల ముందే చూడు. కోపంలో నీది నా పోలికేనని మీ అమ్మ అంటా ఉంటది, అందుకే ఇంత రాస్తా ఉండా. అలిగితివా? అలగబాక తల్లీ, నీ చేతిరాత బోర్డు మీద ఎట్ట ఉంటదో చూడాలని ఉంది నాకు.

ఇంకోటి, ఆ మేడకి పిట్టగోడ లేదు. కట్టించమని మీ నాన్నకి మూడేళ్లుగా మొత్తుకుంటా ఉండా. అది లేచేదాకా పిల్లల్ని కిందనే వరండాలో కూర్చోబెట్టుకో.

మీ తాత,
కోవూరు