పియానో ఏం చేస్తోందో విను: వయొలిన్-పియానో సొనాటాల పాత రికార్డింగుల గురించి

చిరంజీవి అమ్మడుకి,

మామయ్య ఆశీస్సులు. వయొలిన్-పియానో సొనాటాల (రెండు వాద్యాలకీ కలిపి రాసిన, మూడు నాలుగు భాగాల పాశ్చాత్య రచనల) పాత రికార్డింగులు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. ఎవరివి వినాలన్నది తర్వాత. ముందు ఎలా వినాలో చెప్తాను.

మన చెవి కచేరీకి అలవాటుపడింది. పాడేవాళ్లు ముందు, పక్కవాద్యాలు వెనక. ఇక్కడ పాట లేదు కాబట్టి ఆ పీట వయొలిన్‌కి వేసేసి, పియానోని పక్కవాద్యం కింద జమకడతాం. దాంతో సగం సంగీతం చేజారిపోతుంది. బీతోవెన్ మొదటి మూడు వయొలిన్ సొనాటాలు, అంటే ఓపస్ (రచన సంఖ్య) 12, అచ్చయినప్పుడు ముఖపత్రం మీద కీబోర్డు పేరే ముందుంది, వయొలిన్ ఆ తర్వాతే. అందుకని సొనాటా మొత్తం ఒక్కసారిగా పెట్టుకోకు. ఒక్క భాగం తీసుకో. మొదటిసారి పియానో ఎడమచెయ్యి, అంటే కింది స్వరాలు మాత్రమే పట్టుకో. రెండోసారి వయొలిన్. మూడోసారి ఇద్దరినీ కలిపి. విసుగనిపిస్తే చిన్న భాగం ఎంచుకో, అంతే.

చిన్న భాగమంటే నా ఓటు ‘స్ప్రింగ్’ సొనాటా (ఓపస్ 24, ఎఫ్ మేజర్) మూడో భాగానికి. ఆర్తూర్ గ్రూమియో వయొలిన్, క్లారా హస్కిల్ పియానో. ఈ ఇద్దరూ బీతోవెన్ సొనాటాలు పదీ 1956-57లో ఫిలిప్స్ కంపెనీకి రికార్డు చేశారు. మోనోయే (రెండు చెవుల్లోనూ ఒకే ధ్వని) గానీ ధ్వని శుభ్రంగా ఉంటుంది, కొత్త చెవికి కష్టం ఉండదు. ఈ మూడో భాగం స్కెర్ట్సో, అంటే చకచకా సాగే సరదా భాగం, నిమిషం పైచిలుకు. చేత్తో మూడేసి దెబ్బలు వేసుకో, చకచకా. మొదట పియానో ఒక్కటే మొదలుపెడుతుంది. తర్వాత వయొలిన్ చేరుతుంది, కానీ ఒక్క దెబ్బ వెనక. ఎవరో తాళం తప్పారనే అనిపిస్తుంది. తప్పలేదు, బీతోవెన్ అలాగే రాశాడు. మధ్యలో వచ్చే ట్రియో అనే ఘట్టంలో ఇద్దరూ కలిసి పైకి పరుగు తీస్తారు, మళ్లీ మొదటికొచ్చి అదే వెనకబాటు. చెయ్యి ఆగకుండా లెక్క వేయగలిగితేనే ఆ చమత్కారం దొరుకుతుంది. అదే సొనాటా మొదటి భాగంలో పాట ముందు వయొలిన్‌ది, పదకొండో బార్‌లో (బార్ అంటే మన తాళావర్తం లాంటిది) పియానోది. అప్పటిదాకా పియానో వాయించిన అలల్లాంటి కదలిక వయొలిన్ తీసుకుంటుంది. స్థానాలు మారాయన్నమాట.

ఇది పట్టుబడ్డాక బీతోవెన్‌దే ‘క్రూట్జర్’ సొనాటాకి వెళ్లు, ఓపస్ 47. దీనికి జోసెఫ్ సిగెటి (వయొలిన్), బేలా బార్టోక్ (పియానో) జంట. 1940 ఏప్రిల్ 13న వాషింగ్టన్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో జనం ముందు వాయించింది. గరగర ఉంటుంది, సిగెటి నాదం కాస్త కరుకు. అయినా ముందు ఇదే విను, ఎందుకంటే ఇందులో పియానోని ఎవరూ పక్కవాద్యం అనుకోలేరు. మొదటి నాలుగు బార్లు వయొలిన్ ఒంటరిగా, ఒకేసారి రెండు మూడు తీగల మీద కమాను వేస్తూ, ‘ఏ’ (A) మేజర్‌లో. ఐదో బార్‌లో పియానో అందుకుని దాన్ని మైనర్ వైపు లాగడం మొదలుపెడుతుంది. ప్రెస్టోకి, అంటే వేగం అందుకునే చోటికి, వచ్చేసరికి ‘ఏ’ మైనర్‌దే రాజ్యం. మన లెక్కలో అంతర గాంధారం పోయి సాధారణ గాంధారం వచ్చినట్టు. ఆ నాలుగు బార్లూ, పియానో జవాబూ రెండు మూడుసార్లు విన్నాకే ముందుకు కదులు.

ఇక రికార్డింగు ఎంచుకోవడం. 1925కి ముందువి ప్రస్తుతానికి పక్కన పెట్టు. అప్పట్లో మైకు లేదు, గొట్టంలోకి వాయించేవారు. వయొలిన్ ఏదో దక్కేది గానీ, పియానో కింది స్వరాలు చాలావరకు పోయేవి. 1925 తర్వాతవి కూడా, ఎల్పీలు (ఎక్కువసేపు మోగే తర్వాతి తరం ప్లేట్లు) వచ్చేదాకా, పాత గ్రామఫోను ప్లేట్ల మీదవే కాబట్టి పన్నెండంగుళాల ప్లేటు ఒక వైపుకి నాలుగు, నాలుగున్నర నిమిషాలే. అందుకే పునరావృతాలు తరచూ ఎగరగొట్టేవారు. మధ్యలో గరగర స్థాయి హఠాత్తుగా మారితే అక్కడ ప్లేటు తిరగేశారని అర్థం.

యాపుల్లో ఒకే రికార్డింగు పది పేర్లతో దొరుకుతుంది. పక్కన చూపించే సంవత్సరం తరచూ మళ్లీ విడుదల చేసినది, వాయించినది కాదు. ఇద్దరు కళాకారుల పేర్లూ కలిపి వెతికి, దొరికిన వాటిలో ఒకే చోటు అరనిమిషం చొప్పున పోల్చు. గరగర బొత్తిగా లేనిదాన్ని అనుమానించు. రొద తీసేవాళ్లు దాంతోపాటు వయొలిన్ నాదంలోని పైస్థాయి హార్మోనిక్సు (ఉపస్వరాలు) కూడా ఊడ్చేస్తారు. నాదం దుప్పటి కప్పుకున్నట్టుంటుంది, పియానో స్వరం మోగీ మోగకముందే చచ్చిపోతుంది. గరగర ఉన్నదే తీసుకో, మూడు నిమిషాల్లో చెవి దాన్ని మరిచిపోతుంది. మోనోని బలవంతాన స్టీరియో చేసిన 1960ల నాటి ఎల్పీ ముద్రణల జోలికి మాత్రం వెళ్లకు. ఇయర్‌ఫోన్స్‌లో వయొలిన్ ఒక చెవి నుంచి ఇంకో చెవికి గెంతుతుంటుంది.

శ్రుతి కూడా చూసుకో. ఆ పాత ప్లేట్ల పేరు 78 ఆర్పీఎం (నిమిషానికి 78 చుట్లు) అయినా అన్నీ అదే వేగంలో చెక్కలేదు. 80 మీద చెక్కినదాన్ని 78 మీద తిప్పితే శ్రుతి దాదాపు అర స్వరస్థానం దిగిపోతుంది, నడకా మందగిస్తుంది. ట్యూనర్ యాప్ పెట్టి పియానో ‘ఏ’ (A) స్వరం 440 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉందో లేదో చూడు. అయిదారు అటూ ఇటూ అయితే ఫరవాలేదు. 428 చూపిస్తే ఆ ప్లేటు నుంచి చేసిన వేరే కాపీ వెతుకు.

తాతగారి పెట్టెలో అసలు ప్లేట్లు దొరికితే ఎల్పీ ముల్లు పెట్టకు, 78కి వేరే లావుపాటి ముల్లు ఉంటుంది. స్పిరిట్‌తో తుడవకు, అది లక్క, కరిగిపోతుంది.

చివరగా సెజార్ ఫ్రాంక్ సొనాటా, 1886ది. వయొలిన్ విద్వాంసుడు యూజీన్ ఇజాయ్‌కి పెళ్లి కానుకగా ఇచ్చాడు. జాక్ తిబో (వయొలిన్), ఆల్ఫ్రెడ్ కోర్తో (పియానో) 1929లో చేసినది విను. తిబో స్వరం నుంచి స్వరానికి జారుతూ పోతాడు. ఇప్పటివాళ్లు అంత జారరు. జారు విని పెరిగిన నీకు కొత్తేమీ అనిపించదు. కోర్తో అక్కడక్కడా తప్పు మెట్టు నొక్కుతాడు, పట్టించుకోకు. ఆఖరి భాగంలో పియానో పాట ఎత్తుకుంటుంది, అదే పాటతో వయొలిన్ సరిగ్గా ఒక బార్ వెనక వస్తుంది. స్ప్రింగ్‌లో ఒక్క దెబ్బ, ఇక్కడ బార్. ఇక్కడ వయొలిన్ వెంటే పోతే ఎప్పుడూ ఒక బార్ ఆలస్యంగానే ఉంటావు. పియానోని పట్టుకుంటే రాబోయేది ముందే తెలుస్తుంది. ఇదే భాగాన్ని డేవిడ్ ఓయిస్ట్రాఖ్, స్వియాతొస్లావ్ రిఖ్తర్ 1968లో మాస్కోలో వాయించినదానితో పోల్చు. ఒక రోజుకి రెండు జంటలు చాలు, మూడోది పెడితే మొదటిది గుర్తుండదు.

ఇట్లు,
మీ మామయ్య