సైనింగ్ పని కొత్తవాళ్ళకి నేర్పేటప్పుడు

చెల్లెమ్మకి,

మన నోటరీ సైనింగ్ పనికి, అంటే ఇళ్ళకి వెళ్ళి ఇంటి లోన్ కాగితాల మీద సంతకాలు పెట్టించి నోటరీ చేసే పనికి, ఇద్దరు కొత్తవాళ్ళని పెట్టుకున్నావని విని సంతోషించాను. నువ్వు పంపిన ట్రైనింగ్ ప్లాన్ చూశాను. మొదటి వారమంతా లోన్ ప్యాకేజీలో ఏ కాగితం ఏమిటో చెప్పడానికే పెట్టావు. నేనైతే దాన్ని వెనక్కి జరుపుతాను. ఆ కాగితాలన్నీ నాలుగు సైనింగులు చేస్తే చేతికి అలవాటైపోతాయి. ఎక్కడ ఆగాలో, దేనికి కుదరదనాలో మాత్రం ఎవరో ఒకరు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాల్సిందే.

కాలిఫోర్నియాలో కమిషన్, అంటే నోటరీగా పనిచేసే అనుమతి, రావాలంటే 6 గంటల క్లాసు, పరీక్ష, వేలిముద్రలు, 15,000 డాలర్ల బాండ్ ఉంటే చాలు. అందులో నోటరీ చట్టం చెబుతారు గానీ, రాత్రి ఎనిమిదింటికి ఒకరి డైనింగ్ టేబుల్ దగ్గర లోన్ కాగితాల మీద సంతకాలు ఎలా పెట్టించాలో చెప్పరు. సీలు చేతికి రాగానే పని వచ్చేసిందనుకుంటారు పిల్లలు.

ముందు ఐడీతో మొదలుపెట్టు. మనవాళ్ళ ఇళ్ళలోనే దీనికి అసలు ఇబ్బంది. "గుళ్ళో రోజూ కలుస్తాం, మళ్ళీ లైసెన్స్ ఎందుకమ్మా?" అంటారు. ఈ రాష్ట్రంలో 2008 నుంచి నోటరీకి తెలిసిన మనిషి అన్నంత మాత్రాన చెల్లదు. పక్కింటి బాబాయిగారైనా కార్డు తీయాల్సిందే. మొహమాటపడకుండా నవ్వుతూ ఆ మాట నీ ముందే పదిసార్లు అనిపించు.

తర్వాత పేర్లు. మనకి ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకోదాంట్లో వెనక. పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉన్నది లైసెన్స్‌లో పొడి అక్షరమైపోతుంది. అలాంటి జతలు కొన్ని తయారుచేసి ఇచ్చి, దేనికి ముందుకు వెళ్ళొచ్చో, దేనికి టైటిల్ కంపెనీకి (ఇంటి హక్కు పత్రాలు చూసేవాళ్ళకి) ఫోన్ చేయాలో అడుగు. సొంతంగా సర్దేసే అలవాటు మొదట్లోనే పోవాలి.

ఇక ఉత్తుత్తి సైనింగ్. నువ్వే లోన్ తీసుకునేదానివై ఎదురుగా కూర్చో. మధ్యలో, "ఈ వడ్డీ ఎక్కువ కదా, సంతకం పెట్టమంటావా?" అని అడుగు. వడ్డీ నోట్‌లో, అంటే అప్పు పత్రంలో, ఏ పేజీలో ఉందో వేలు పెట్టి చూపించవచ్చు. అది మంచిదో కాదో చెప్పకూడదు. "అది మీ లోన్ ఆఫీసరు చెప్పాలండీ, ఇప్పుడే ఫోన్ చేద్దాం" అనాలి. మంచితనం ఎక్కువున్నవాళ్ళే ఇక్కడ దొరికిపోతారు, సాయం చేద్దామని లాయరు పనిలోకి దిగిపోతారు.

ప్రమాణం విషయంలో గట్టిగా ఉండు. అక్నాలెడ్జ్‌మెంట్ అయితే ఆ సంతకం తనదేనని మనిషి ఎదురుగా ఒప్పుకుంటే చాలు. జురాట్ అయితే ప్రమాణం చేయించి, మన కళ్ళ ముందే సంతకం పెట్టించాలి. సిగ్గుతో చాలామంది నోటరీలు ఆ ప్రమాణాన్ని నోట్లోనే గొణిగేస్తారు, కొందరైతే ఎగ్గొట్టేస్తారు. సర్టిఫికెట్ మీద సంతకం చేస్తున్నది మనం. అక్నాలెడ్జ్‌మెంట్‌లో అయితే, అబద్ధమైతే శిక్షకి సిద్ధమని కూడా మనమే రాసిస్తున్నాం.

జర్నల్, అంటే చేసిన ప్రతి నోటరీ పనీ రాసుకునే పుస్తకం, అక్కడే, అప్పుడే రాయాలి. ఇంటికెళ్ళి నింపుకుంటామంటే ఒప్పుకోకు. డీడ్ ఆఫ్ ట్రస్ట్ (ఇంటిని అప్పుకి హామీ పెట్టే కాగితం), పవర్ ఆఫ్ అటార్నీ లాంటివాటికి కుడి బొటనవేలి ముద్ర కూడా అందులో పడాలి. వేలి సిరా తుడవడానికి టిష్యూ పేపర్ బ్యాగులో పెట్టుకోమను.

లోన్ రద్దు చేసుకునే హక్కు కాగితం మీద తేదీలు లెక్కపెట్టించు. సొంతంగా ఉంటున్న ఇంటికి రీఫైనాన్స్ (పాత లోన్ తీర్చి కొత్త లోన్ తీసుకోవడం) అయితే మూడు పనిదినాలు. ఇందులో శనివారం లెక్కే, ఆదివారం, ఫెడరల్ సెలవులు లెక్కకి రావు. గురువారం సంతకం పెడితే సోమవారం అర్ధరాత్రి వరకు. ఆ సోమవారం లేబర్ డే అయితే మంగళవారం. ఇల్లు కొనే లోన్‌కి ఈ హక్కే లేదు. ఇవన్నీ వాళ్ళు టక్కున చెప్పగలగాలి.

మనకి ప్రత్యేకంగా వచ్చేది ఇంకొకటుంది. అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చినప్పుడు ఊళ్ళో పొలం అమ్మకానికి పవర్ ఆఫ్ అటార్నీ. పెద్దాయన్ని ఏదడిగినా కొడుకే సమాధానం చెబుతాడు. ఇక్కడ దుభాషీని పెట్టుకోవడానికి లేదు, నోటరీ నేరుగా మాట్లాడాలి. తెలుగు రావడం మనకి కలిసొచ్చేది ఇక్కడే. కొడుకుని కాసేపు పక్క గదిలోకి పంపి, "ఇది దేనికి బాబాయిగారూ?" అని ఆయన్నే అడగమను. సమాధానం రాకపోతే సీలు బయటికి తీయనక్కర్లేదు. అపోస్టీల్‌కి, అంటే మన నోటరీ వేరే దేశంలో చెల్లడానికి రాష్ట్రం ఇచ్చే ధ్రువపత్రానికి, కాగితం శాక్రమెంటోకి పంపాలని చెప్పొచ్చు. మన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చెల్లుతుందా అంటే మాత్రం అక్కడి లాయర్ని అడగమనాలి.

డబ్బు సంగతి దాచకు. 2021 జనవరిలో 30 ఏళ్ళ లోన్ సగటు వడ్డీ 2.65 శాతం, రీఫైనాన్స్‌లతో ఊపిరాడలేదు. 2023 అక్టోబరుకి 7.79 అయ్యేసరికి ఆ పని ఎండిపోయింది. ఉద్యోగం మానేసి దీనిలోకి దూకుతామంటే ఆపు. నోటరీ ఫీజు సంతకానికి 15 డాలర్లకి మించకూడదు, ప్రయాణం ఖర్చు విడిగా ముందే మాట్లాడుకోవాలనీ చెప్పు.

మొదటి అసలు పని నెలాఖరులో ఇవ్వకు. అప్పుడు ప్యాకేజీ ఆలస్యంగా వస్తుంది, ఎస్క్రో ఆఫీసరు (లోన్ కాగితాలూ డబ్బూ చూసుకునే ఆవిడ) ఫోన్ ఎత్తదు. నెల మధ్యలో, పగటిపూట, ఒక్కరే సంతకం పెట్టే రీఫైనాన్స్ చూసి పంపు. లేచి వచ్చేముందు ప్రతి పేజీ ఒకసారి తిప్పి చూడమను. ఆ గంటన్నర నువ్వు ఏ పనీ పెట్టుకోకుండా ఫోన్ దగ్గరే ఉండు.

ఉంటాను,
అక్క