టైల్స్ అమ్మే ఇంట్లో టైల్స్ చదువంటే భయమా?

ప్రశ్న: మాది కావలి. టైల్స్ షాపు ఉంది. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. ఏదో నగరంలోని కట్టడాలు, పాత గోడల గరుకుదనం ఆధారంగా చేసిన డిజైనర్ టైల్స్‌ని ఫోన్‌లో చూసి, ఆ చదువే చదువుతానంటోంది. మా బావమరిది కొడుకు సీఎస్ఈ చేసి బెంగళూరులో స్థిరపడ్డాడు. బంధువులేమో ‘ఏందీ, టైల్స్‌కి కూడా చదువా?’ అంటున్నారు. సిరామిక్ డిజైన్ మంచిదా, సిరామిక్ ఇంజినీరింగ్ మంచిదా?

జవాబు: మీరడిగింది రెండు కోర్సుల తేడా. మీకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం, అమ్మాయి ఏం చదువుతోందని నలుగురూ అడిగితే ఏం చెప్పాలన్న బెంగ. ఏటా ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి, కోర్సు పేరే మారుతుంది. ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఎంపీసీ పిల్ల డిజైన్ ప్రవేశ పరీక్ష రాసినంత మాత్రాన ఇంజినీరింగ్ దారి మూసుకుపోదు. ఒకే ఏడాది రెండూ రాయొచ్చు.

తేడా క్లుప్తంగా చెప్తాను. మట్టి, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం, సిలికా (ఇసుకలో ఉండేది) ఏ పాళ్లలో కలపాలి, బట్టీలో సుమారు 1200 డిగ్రీల దగ్గర బిళ్ల ఎందుకు వంగుతుంది, ఎంత కుంచించుకుపోతుంది అనేది ఇంజినీరింగ్. వారణాసిలోని ఐఐటీ బీహెచ్‌యూ, రూర్కెలా ఎన్‌ఐటీల్లో ఉంది. పది తర్వాత డిప్లొమా చేసేవాళ్లకు మన గూడూరులోనే ప్రభుత్వ సిరామిక్ టెక్నాలజీ సంస్థ ఉంది. రూపం, రంగు, ఉపరితలం గురించి ఆలోచించేది డిజైన్. దానికి అహ్మదాబాద్ ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) పేరున్న చోటు, సీట్లు తక్కువ.

నా అనుమానమల్లా ‘డిజైనర్’ అన్న మాట మీదే. దేశంలో టైల్స్ తయారీకి కేంద్రం గుజరాత్‌లోని మోర్బీ. అక్కడిప్పుడు బొమ్మంతా ఇంక్‌జెట్ యంత్రమే అచ్చు వేస్తుంది. డిజైన్ విభాగంలో రోజువారీ పని చాలావరకు పాలరాయినో గ్రానైట్‌నో స్కాన్ చేసి, ఒకే మరక పక్కపక్కన పడకుండా కంప్యూటర్‌లో సర్దడమే. నగరం స్ఫూర్తితో చేసిన సిరీస్ క్యాటలాగ్‌లో నాలుగు పేజీలుంటే, మిగతాదంతా మీరు రోజూ అమ్మే మార్బుల్ ఫినిష్, బాత్‌రూమ్ హైలైటర్లే. ఈ సంగతి అమ్మాయికి తెలియాలి. ఫోన్‌లో చూసిన ఫొటోకి ముచ్చటపడి నాలుగేళ్లు, లక్షల ఫీజు పెట్టకూడదు.

మరి ఈ సంగతి తనకు మీరెందుకు చెప్పలేదు? మీ ఉత్తరంలో బావమరిది కొడుకు ఎక్కడ స్థిరపడ్డాడో ఉంది గానీ, అమ్మాయి బొమ్మలు వేస్తుందా, ఏం వేస్తుంది అన్నది ఒక్క ముక్క లేదు. షాపు ఆదాయంతో చదివిస్తున్నారు కానీ, షాపులో ఒక పూట కూర్చోబెట్టారా? రెండు బాక్సుల బ్యాచ్ నంబర్లు కలవకపోతే హాలులో షేడ్ తేడా ఎలా కనిపిస్తుందో, ఎత్తుపల్లాలున్న టైలు కొన్నవాళ్లు మురికి పోవడం లేదని ఎందుకు మళ్లీ వస్తారో మీకు తెలిసినంత బాగా ఏ కౌన్సెలర్‌కీ తెలియదు. బయటివాళ్లను అడగడానికి రాని మొహమాటం కన్నకూతురితో మాట్లాడటానికి వచ్చిందా?

స్పెయిన్‌లోని బార్సిలోనాలో ఒక పెద్ద వీధి కాలిబాట మీద ఆంటోనీ గౌడీ అనే ఆర్కిటెక్ట్ గీసిన ఆరు మూలల బిళ్లలుంటాయి. సముద్ర జీవుల బొమ్మలు. ఒక్క బిళ్లలో బొమ్మ పూర్తికాదు, ఏడు కలిస్తేనే తెలుస్తుంది. అవి కాల్చిన సిరామిక్ కావు, సిమెంటువి. అయినా ఈ చదువుకు కావలసిన బుర్ర ఎలాంటిదో వాటిలో కనిపిస్తుంది: మేస్త్రి జాయింట్లు కలిపాక నేల ఎలా ఉంటుందో ముందే ఊహించగలగాలి.

వేసవిలో అమ్మాయికి ఆ పరీక్షే పెట్టండి. నెల్లూరు రంగనాయకుల గుడి గాలిగోపురం, ఉదయగిరి కోట గోడలు, మార్కాపురం పలకరాయి పొరలు, చీమకుర్తి నల్ల గ్రానైట్‌లో మెరిసే చుక్కలు. వీటిలో ఏదో ఒకటి తీసుకుని, ఎటు తిప్పి పరిచినా అతుకు కలిసే డిజైన్ వేయమనండి. తర్వాత కుమ్మరి దగ్గరో, స్టూడియోలోనో మట్టితో చేసి కాల్చి చూడమనండి. ఆవం నుంచి పగిలి వచ్చిన బిళ్లను చూసి మళ్లీ మట్టి కలపడానికి కూర్చుంటే డిజైన్‌కి పంపండి. పగుళ్లు ఎందుకు వచ్చాయన్న కారణం వెంట పడితే ఇంజినీరింగ్ నయం. విసుగొచ్చి ఫోన్ తీస్తే సీఎస్ఈ ఎలాగూ ఉంది, మీ బావమరిది సలహా కూడా పనికొస్తుంది.

ఎన్ఐడీ రాక ప్రైవేట్ డిజైన్ కాలేజీకి వెళ్లాల్సి వస్తే, రంగురంగుల బ్రోషర్ పక్కన పెట్టి, వాళ్ల సొంత బట్టీ చూపించమనండి. విద్యార్థులు వారానికి ఎన్నిసార్లు దాన్ని వెలిగిస్తారో సీనియర్లను అడగండి. కంప్యూటర్ ల్యాబ్ ఒక్కటే చూపించి పంపేస్తే అడ్వాన్సు కట్టకండి.