ఛాంబర్‌లోకి వెళ్లేముందు నీ రక్తం సంగతి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

మొదటిసారి, వారాల తరబడి ఒత్తిడి ఛాంబర్‌లోనే ఉంటూ సముద్రం అడుగున పనిచేసే శాచురేషన్ డైవింగ్‌కి వెళ్తున్నావని తెలిసింది. నీటి అడుగుకి దింపే బెల్ గురించి, వేడినీళ్ల సూట్ గురించి ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు. నేను చెప్పేది రక్తం గురించి. మా రోజుల్లో మాకెవరూ చెప్పలేదు.

200 మీటర్ల లోతంటే ఒంటి మీద సుమారు 21 అట్మాస్ఫియర్ల ఒత్తిడి. భయపెట్టేది ఆ అంకే గానీ, ఎర్రకణాలతో ఆడుకునేది ఆక్సిజన్. అక్కడ పీల్చే హీలియం మిశ్రమంలో దాని శాతం తక్కువే. ఆ ఒత్తిడిలో లెక్కేస్తే మాత్రం మామూలు గాలిలో అందేదానికి దాదాపు రెట్టింపు. వారాల తరబడి అలా పీలిస్తే మూత్రపిండాలు ఆక్సిజన్‌కి కొదవ లేదనుకుని ఎరిత్రోపొయిటిన్ హార్మోన్ తగ్గించేస్తాయి. ఎముక మజ్జకి కబురందక కొత్త ఎర్రకణాల తయారీ మందగిస్తుంది. లోపలున్నన్నాళ్లూ నీకేం తెలీదు. నేను ఇల్లు చేరిన కొన్నాళ్లకే పరుగుకి వెళ్లి, సగం దారిలో కూలబడ్డాను. వయసైపోయిందనుకున్నా, అప్పటికి నాకు ముప్పై రెండే! తీరా చూస్తే హిమోగ్లోబిన్ తగ్గింది.

అందుకే వెళ్లేముందొకసారి, వచ్చాక ఒకసారి పరీక్ష చేయించుకో. పాత అంకె లేనిదే కొత్త అంకెతో పనేముంది? వెళ్లబోయే ముందు రక్తదానం పెట్టుకోకు. తగ్గిందని కనబడగానే ఐరన్ మాత్రలు మింగకు. ఇక్కడ తగ్గింది తయారీ, ఇనుము కాదు. ఒంట్లో ఇనుము నిల్వని చెప్పే ఫెరిటిన్ చూసి డాక్టర్ చెప్పాలి. కొన్ని వారాలు ఓపిక పడితే సాధారణంగా అదే కోలుకుంటుంది.

లోపల మూత్రం ఎక్కువగా పోతుంది. ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోన్ తగ్గడం ఒక కారణం. దాంతోపాటు సోడియం, పొటాషియం కూడా పోతాయి. రాత్రి లేవాలని బద్ధకించి నీళ్లు మానేసేవాళ్లతో కలిసి ఉన్నాను, హీలియం వల్ల కీచుమనే గొంతుతో తిట్టాను కూడా! ఆ గొంతుతో తిడితే ఎవరు వింటారు? నువ్వు మాత్రం తాగు.

అంత లోతు నుంచి ఒత్తిడిని మెల్లగా తగ్గిస్తూ పైకి తెచ్చే డీకంప్రెషన్‌కి సుమారు వారం పడుతుంది. రక్తంలో చిన్న బుడగలు ఏర్పడితే ప్లేట్‌లెట్లు వాటికి అంటుకుంటాయి, లెక్క కాస్త తగ్గవచ్చు. డైవింగ్ తెలియని డాక్టర్ ఆ రిపోర్ట్ చూసి ఇంకేదో జబ్బని టెన్షన్ పెట్టొచ్చు. ఎంత లోతులో ఎన్నాళ్లున్నావో, ఎప్పుడు బయటికొచ్చావో కాగితం మీద రాసివ్వు. కీళ్లనొప్పో, తిమ్మిరో వచ్చిందంటే మాత్రం పరీక్షలంటూ కూర్చోకు, వెంటనే డైవ్ సూపర్‌వైజర్‌కి చెప్పు. అర్ధరాత్రయినా సరే.

నీ పెదనాన్న