నానోరాడ్లా, అమీర్‌పేటా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక తల్లి అడిగారు: "మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనలియర్. జింక్ ఆక్సైడ్ నానోరాడ్ల మీద టైటానియం డయాక్సైడ్ పూత వేసే ప్రాజెక్టు ఇచ్చారు. చుట్టాలేమో అది తిండి పెట్టదు, అమీర్‌పేటలో ఏదైనా కోర్సులో చేర్పించమంటున్నారు. ఏం చేయాలి?"

అమ్మా, ప్రాజెక్టు చేయనివ్వండి. అమీర్‌పేట ఎక్కడికీ పోదు. ల్యాబ్‌లో మెషిన్ చేతికిచ్చే రోజులు మాత్రం చదువైపోయాక మళ్లీ దొరకడం కష్టం.

నానోరాడ్లంటే కంటికి కనిపించనంత సన్నని కడ్డీలు. వాటిని చేసిన జింక్ ఆక్సైడ్‌కి యాసిడ్ పడదు, గాఢమైన క్షారమూ పడదు, నీళ్లలో ఉండగా వెలుతురు తగిలితే మెల్లగా కరిగిపోతుంది కూడా. అందుకే సూర్యకాంతితో నీటి నుంచి హైడ్రోజన్ తీసే ఎలక్ట్రోడ్ల మీద దాన్ని కాపాడటానికి కొన్ని నానోమీటర్ల (మిల్లీమీటరులో పది లక్షో వంతు ఒక నానోమీటరు) టైటానియం డయాక్సైడ్ పొర వేస్తారు. మందమైతే కరెంటు సరిగా దాటదు, పలచనైతే సందుల్లోంచి నీళ్లు దూరతాయి. తిప్పలంతా అక్కడే. ఏఎల్‌డీ (అటామిక్ లేయర్ డిపొజిషన్, అంటే పొరను కొద్దికొద్దిగా పేర్చే పద్ధతి) మెషిన్‌లో ముందు టైటానియం ఉన్న ఆవిరి వదిలి, ఊడ్చేసి, తర్వాత నీటి ఆవిరి వదులుతారు, సైకిల్‌కి 0.05 నానోమీటర్లు అటూఇటూగా పెరుగుతుంది, అంటే 5 నానోమీటర్లకు దాదాపు 100 సైకిళ్లు. ఇదే పద్ధతిని చిప్ ఫ్యాక్టరీల్లోనూ వాడతారు, కాబట్టి తిండి పెట్టదన్న మాట నేనొప్పుకోను.

అయితే ఒక్క షరతు. ప్రాజెక్టు పేరు చూసి మురిసిపోకుండా, మెషిన్ తనే నడుపుతుందా, లేక సీనియర్ ఇచ్చిన గ్రాఫులు రిపోర్టులో అతికిస్తుందా అని గైడ్‌ని ముందే అడగమనండి. ఏఎల్‌డీ లేకపోతే సోల్-జెల్ (ద్రావణం పూసి వేడి చేసే పద్ధతి) అయినా పర్వాలేదు, వేసిన పొర నిజంగా ఎంత మందం ఉందో టీఈఎంలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో) చూసి చెప్పగలిగితే చాలు. టైటానియం టెట్రాక్లోరైడ్ వాడితే హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి పుట్టి కింద ఉన్న జింక్ ఆక్సైడ్‌నే తినేయొచ్చు. దీనికేం చేస్తారని అడిగితే ఆ ల్యాబ్ సంగతి సగం తెలిసిపోతుంది.

పరిశోధనకు ఫెలోషిప్ ఇచ్చే జాతీయ పరీక్ష సీఎస్ఐఆర్ నెట్‌కి ఇప్పటినుంచే చదవాలి. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం అదనం. ఊరు వదలక్కర్లేదు కూడా, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, బాలాపూర్‌లో పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ, కందిలో ఐఐటీ ఉన్నాయి. చుట్టాల మాట కూడా పూర్తిగా తీసిపారేయకండి, ఆదివారాలు పైథాన్ నేర్చుకోమనండి, ల్యాబ్ డేటాకైనా అది కావాల్సిందే.